డోర్కాస్ ఆపిన ఆమేన్

శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు పక్క వాడలో డోర్కాస్‌ను ఆమె ముఖం కంటే ఆమె ఆమేన్‌తోనే ఎక్కువమంది గుర్తుపట్టేవారు. ఆదివారం చర్చిలో అయ్యగారు ప్రార్థన ముగించగానే అందరూ ఆమేన్ అంటారు. అందరి గొంతులూ ఒక ఎత్తు, డోర్కాస్ గొంతు ఒక్కటీ ఒక ఎత్తు. ఆ గొంతు లేచిందంటే రేకుల కింద గూళ్ళు పెట్టుకున్న పావురాలు టపటపా ఎగిరిపోయేవి. కూటాలకు వచ్చిన బయటూరి బోధకులు మొదటిసారి విని ఉలిక్కిపడేవారు. వాడ పిల్లలు ఆమె వెనకే నడుస్తూ "ఆమేన్, ఆమేన్" అని వెక్కిరిస్తే, "మీ నోట్ల గా మాటన్న వస్తున్నది, సంతోషం" అని నవ్వేది తప్ప కసిరేది కాదు.

అటువంటి మనిషి ఆమేన్‌ను పట్టుకొని ఆమె నోరే నొక్కారు. చదువుకున్నవాళ్ళు, కమిటీలో కుర్చీలున్నవాళ్ళు చేసిన పని అది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డోర్కాస్‌ది కందుకూరు వైపు పల్లె. పదహారో ఏట పెళ్ళిచేసుకొని శంషాబాద్ వచ్చింది. భర్త ఏలియా లారీ డ్రైవరు. ఆమెకు ముప్పై ఏళ్ళు నిండకముందే జ్వరంతో పోయాడు. సర్కారు దవాఖానాలో ఆయా పని దొరికితే ఆ పనితోనే కూతుర్ని పెంచి మైలార్‌దేవ్‌పల్లిలో ఒక మంచి ఇంటికిచ్చింది. ఆ తరువాత ఇంట్లో మిగిలింది తనూ, అత్త యేసుమణీ. యేసుమణికి డెబ్భై దాటాయి. కొడుకు పోయినా కోడల్ని కూతురిలా చూసుకున్న మనిషి. డోర్కాస్ డ్యూటీ నుంచి వచ్చేసరికి పొయ్యి వెలిగించి ఎసరు పెట్టి ఉంచేది.

దవాఖానాలో పద్దెనిమిదేళ్ళు చేసినందువల్ల డోర్కాస్‌కు ఒక సంగతి బాగా తెలుసు. మంటగా ఉందని, పొత్తికడుపు నొప్పని వచ్చే ఆడవాళ్ళందరికీ డాక్టరమ్మ ఒకటే చెప్పేది, నీళ్ళు బాగా తాగాలమ్మా అని. వాళ్ళు తలూపి వెళ్ళేవారు. తాగరని డోర్కాస్‌కు తెలుసు. తాగితే ఎక్కడికి పోవాలి?

వాడలో అరవై ఇళ్ళుంటే పాయిఖానా ఉన్నవి రెండే. ఒకటి పాస్టరు ఆశేర్ అయ్యగారి బంగళా, ఇంకొకటి చర్చి కమిటీ కార్యదర్శి ప్రేమ్ రాజ్ ఇల్లు. మిగిలిన ఇళ్ళ ఆడవాళ్ళకు దిక్కు చర్చి వెనక కుర్మయ్య జొన్నచేను, దాని గట్టున ఉన్న తుమ్మ పొదలు. కుర్మయ్య మర్యాద తెలిసిన రైతు. పొద్దున్నే మోటరు వేయడానికి అటు రావలసివస్తే దూరం నుంచే గట్టిగా దగ్గుకుంటూ వచ్చేవాడు. దగ్గు వినిపిస్తే ఆడవాళ్ళు సర్దుకునేవారు. ఆ దగ్గుకు వాడలో ఉన్న విలువ ఏ సంతకానికీ లేదు.

తొంభై ఎనిమిదిలో విమానాశ్రయం ఇటే వస్తుందన్న మాట పుట్టింది. అది ఎప్పుడొస్తుందో, ఎక్కడొస్తుందో ఎవరికీ తెలియదు కాని భూమి ధర మాత్రం ఆ మాట కంటే ముందే ఎగిరింది. పక్క చేన్లన్నీ పోతుంటే ఒక్కడే ఎన్నాళ్ళు ఆగుతాడు? కుర్మయ్యా అమ్ముకున్నాడు. నెల తిరిగేసరికి తుమ్మలు కొట్టేశారు, తెల్లరంగు పూసిన ప్లాటు రాళ్ళు పాతారు, చుట్టూ ముళ్ళతీగ లాగారు, కాపలాకు ఒక మనిషిని పెట్టారు. ఇక ఆడవాళ్ళకు మిగిలింది బెంగుళూరు రోడ్డు పక్క కాలువ. లారీ లైటు పడ్డప్పుడల్లా లేచి నిలబడాలి, చీకటి కాగానే మళ్ళీ కూర్చోవాలి. ఆ రోడ్డు మీద లారీలకు లెక్కేముంది!

యేసుమణికి అన్నిసార్లు లేవడం చేతకాలేదు. ఒకరోజు తెల్లవారుజామున పాత జాగకే పోదామని ముళ్ళతీగ కింద నుంచి దూరబోయింది. చీర ముళ్ళకు చిక్కుకొని పడిపోయింది. తుంటి దగ్గర దెబ్బ తగిలి నెలన్నర మంచం మీదే ఉంది. లేచాక చేతికర్ర వచ్చింది. ఇంకొకటి కూడా వచ్చింది. మధ్యాహ్నం దాటితే నీళ్ళు ముట్టేది కాదు. సాయంత్రం అన్నం పెడితే రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది.

"నీళ్ళన్న తాగత్తా, గొంతెండుతలేదా?" అని డోర్కాస్ అడిగితే, "వద్దు బిడ్డా, మళ్ళ నిన్ను లేపుడెందుకు" అనేది.

తను పనిచేసేది దవాఖానాలో. తన ఇంట్లోనే ఒక ముసలామె దాహంతో పడుకుంటోంది.

అటువంటి సమయంలో పట్నంలోని ఒక సేవాసంస్థ నుంచి చర్చికి ఉత్తరం వచ్చింది. మీ సంఘానికి అవసరమైన పనులు రాసి పంపండి, అన్నిటికీ మార్కులు వేసి వరుస పెట్టండి, వరుసలో మొదట నిలిచిన ఒక్కదానికే మేము చందాలు పోగుచేస్తాం అని. దానితోపాటు ఒక ఫారం పంపారు. అందులో మూడు గళ్ళు. ఎంతమందికి ఉపయోగం, ఎంత తొందర, స్థానికుల వాటా ఎంత. గడికి పది మార్కులు.

డోర్కాస్ చదివింది ఐదో తరగతి. అయినా ఇంకొకరి చేత రాయించలేదు. దవాఖానా వరండాలో కూర్చొని రెండు మధ్యాహ్నాలు తానే రాసింది. వాడలో అరవై ఇళ్ళున్నాయనీ, ఆడవాళ్ళకు పోయే జాగ లేదనీ, చర్చి వెనక ఖాళీగా ఉన్న మూలలో ఎనిమిది గదులూ ఒక బోరూ కావాలనీ, పైసలివ్వలేం కాని గుంతలు తవ్వేది, మట్టి మోసేది మేమేననీ రాసింది. కింద నలభైముగ్గురు ఆడవాళ్ళ వేలిముద్రలూ సంతకాలూ పెట్టించి ప్రేమ్ రాజ్ చేతికిచ్చింది.

ప్రేమ్ రాజ్ కాటేదాన్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. ఇంగ్లీషు ఉత్తరం రాయగలవాడు కాబట్టి కార్యదర్శి అయ్యాడు. ఆదివారాలు చర్చి అయిపోయాక స్కూటరు మీద జనాన్ని ఎక్కించుకొని వెళ్ళి ప్లాట్లు చూపించేవాడు. కుర్మయ్య చేనులోవి కూడా అందులో ఉన్నాయి. ఆయన రాసిన అర్జీ వేరు. రోడ్డు మీద చర్చి దారి మొదట్లో పెద్ద కమాను కట్టాలి, దాని మీద శిలువ, శిలువకు లైట్లు. ఆ దారే ప్లాట్లకూ దారి. యువకులు మైకు సెట్టు అడిగారు. పాటల బృందం కీబోర్డు అడిగింది.

కమిటీలో అయ్యగారు కాక ఏడుగురు. ఆరుగురు మగవాళ్ళు, స్త్రీల సమాజం తరఫున డోర్కాస్ ఒక్కతి. శనివారం సాయంత్రం చర్చిలో కూర్చున్నారు. ప్రేమ్ రాజ్ గడులు నింపుతూ చదివాడు. కమాను వల్ల ఎంతమందికి ఉపయోగం? బెంగుళూరు రోడ్డు మీద రోజూ పోయే బస్సుల్లో జనమంతా శిలువను చూస్తారు కాబట్టి ఏడాదికి లక్షమంది. పదికి పది. ఎంత తొందర? విమానాశ్రయం వచ్చేలోపు కట్టకపోతే రోడ్డు మీద జాగ దొరకదు. పదికి పది. స్థానిక వాటా? ప్లాట్ల కంపెనీవాళ్ళు సిమెంటు ఇస్తామన్నారు. తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించాడో ఆయనకే తెలియాలి. బహుశా వినయం కోసం.

మైకు అయింది, కీబోర్డు అయింది. ప్రేమ్ రాజ్ కాగితాలు మడిచాడు.

"మాదేది తమ్మీ?" అంది డోర్కాస్.

"అదీ వేసిన అక్కా. నాలుగోది. స్త్రీల ఇతర అవసరాలు అని వెట్టిన. నాలుగు మార్కులొచ్చినయి."

"ఇతర అవసరాలేంది? నేను గట్ల రాయలే. నేను రాసింది చదువు."

ప్రేమ్ రాజ్ అయ్యగారి వైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "గా మాట దేవుని మందిరంల ఎట్ల చదువుతమక్కా? పెద్దమనుషులున్నరు."

"ఎందుకు, మీరు పోరా? నీ ఇంట్ల లేదా, అయ్యగారింట్ల లేదా? మీకు కట్టుకునేటప్పుడు రాని సిగ్గు మేము అడిగితే వచ్చిందా? నాలుగు మార్కులు ఎట్లేసినవో జర చెప్పు."

ఉపయోగం ఆడవాళ్ళకే, అందులోనూ ఒక్క వాడకే కాబట్టి మూడు. ఇన్నేళ్ళు లేకుండానే గడిచింది కాబట్టి తొందర కింద ఒకటి. వాటా కింద పైసలు లేవు కాబట్టి సున్న. మట్టి మోస్తామన్న నలభైముగ్గురి మాటకు ఫారంలో గడి లేదు. అంత చక్కగా, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పాడు ప్రేమ్ రాజ్. మిగిలిన ఐదుగురూ నేల చూపులు చూశారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. ఆ కాలువ దగ్గర లారీ లైటు పడితే లేచి నిలబడేది వాళ్ళ పెళ్ళాలూ కూతుళ్ళే. అయినా ఒక్కడికీ నోరు పెగల్లేదు.

డోర్కాస్ లేచి నిలబడింది. "అయ్యగారూ, మీరన్న చెప్పుండ్రి."

ఆశేర్ అయ్యగారు కోస్తా నుంచి వచ్చినవారు. గొడవంటే భయం. "చూడమ్మా డోర్కాస్, సమయం మించిపోతోంది. మనలో మనకు భేదాలు వద్దు. ప్రార్థన చేసుకుందాం. ప్రేమ్ రాజ్‌గారూ, మీరు చేయండి" అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. డోర్కాస్ కూడా తల మీద కొంగు లాక్కొని కళ్ళు మూసుకుంది. ప్రార్థన అన్నాక కళ్ళు తెరిచి నిలబడడం ఆమెకు పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలియదు. ప్రేమ్ రాజ్ తీరిగ్గా మొదలుపెట్టాడు. వానల కోసం అడిగాడు, పరీక్షలు రాసే పిల్లల కోసం అడిగాడు. తరువాత గొంతు తగ్గించాడు. "ప్రభువా, మా తల్లి యేసుమణమ్మ కాలు నొప్పితో బాధపడుతున్నది. నీ గాయపడిన హస్తంతో ఆమెను ముట్టుము తండ్రీ" అన్నాడు. అత్త పేరు వినగానే డోర్కాస్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి. కోపం కరిగింది. ఎంతైనా మనవాడే, యాదిపెట్టుకున్నాడు అనుకుంది. "మేమందరం ఏకమనస్సుతో మొదట నిలిపిన కమాను పనిని నెరవేర్చమని అడుగుతున్నాం తండ్రీ" అన్నాడు ప్రేమ్ రాజ్ అదే గొంతుతో, ఊపిరి కూడా తిప్పుకోకుండా.

"ఆమేన్!"

డోర్కాస్‌దే అందరికంటే పెద్దది. పావురాలు లేచాయి.

కళ్ళు తెరిచేసరికి ప్రేమ్ రాజ్ తీర్మానాల పుస్తకంలో "ఏకగ్రీవం" అని రాస్తున్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకు.

"తమ్మీ, నేను ఒప్పుకోలే."

"ఆమేన్ అన్నవు గదక్కా. అందరిన్నరు" అన్నాడు. నవ్వలేదు కూడా.

ఇల్లు చేరాక కూడా డోర్కాస్ ఏడవలేదు. వచ్చింది ఏడుపు కాదు, కోపం. ముసలామె కాలినొప్పిని ముందు పెట్టి, దాని చాటున కమాను దాటించుకున్నాడే, ఆ తెలివికి ఒళ్ళంతా భగ్గుమంది. ఆ నొప్పి ఎక్కడినుంచి వచ్చింది? ఆయన చూపించే ప్లాట్ల ముళ్ళతీగ నుంచి కాదూ! పోనీ, మోసపోయింది ఇంకొకరి మాటకైతే వేరు. తన నోటి మాటే తనను ముంచింది. అది మింగుడుపడలేదు.

వాడలో కబురు ముందే చేరింది. గురువారం స్త్రీల కూటంలో పక్కింటి భారతమ్మ ముఖం మీదే అడిగింది. "వేలిముద్రలు మాతోని పెట్టించి, ఆడికి పోయి ఆమేన్ అన్నవంట?"

"అన్న" అంది డోర్కాస్. "అలవాటు పాడుగాను, కండ్లు మూసుకొని అన్న. తప్పే." చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగింది. అప్పుడు ఆమె మళ్ళీ అంది. "వింటున్నరా? మనతోని వాళ్ళకు కావల్సింది గా ఒక్క మాటనే. పైసలొద్దు, మట్టి మోసుడొద్దు, మన అర్జీ చదువుడు సుత వద్దు. ఆమేన్ మాత్రం కావాలె. వచ్చే ఆదివారం పట్నం సంస్థ మేడం వస్తున్నది. ఆమె ముంగట మళ్ళ ప్రార్థన చేస్తరు. ఆ మాట మనం ఇయ్యద్దు."

"దేవునికి కోపమొస్తదేమో డోర్కక్కా" అంది ఒక కొత్త కోడలు.

"దేవునికి కాదు బిడ్డా మనం ఆపేది. ఇష్టం లేనిదానికి ఆమేన్ అంటే అబద్ధమైతది. దానికి రావాలె ఆయనకు కోపం."

ఆదివారం సేవాసంస్థ మేడం వచ్చింది. పేరు సునీల. ముప్పై ఏళ్ళ లోపు మనిషి, భుజాన సంచీ, చేతిలో నోటుపుస్తకం. ఆరాధన అయ్యాక ప్రేమ్ రాజ్ నాలుగు పనుల వరుసా చదివి వినిపించాడు. కమాను బొమ్మ రంగుల్లో గీయించి తెచ్చాడు. సంఘమంతా ఏకమనస్సుతో ఉందని చెప్పాడు. ప్రార్థన చేశాడు. ఈసారి ఇంకా పొడుగ్గా, ఇంకా కమ్మగా చేశాడు. "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ" అని ముగించి ఆగాడు.

మగవాళ్ళ వైపు నుంచి పది పన్నెండు గొంతులు ఆమేన్ అన్నాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కటీ రాలేదు.

ప్రేమ్ రాజ్ కళ్ళు తెరిచాడు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ కళ్ళు తెరుచుకొని తిన్నగా ఆయన్నే చూస్తున్నారు. ముందు వరుసలో డోర్కాస్. పెదవులు బిగబట్టింది. లోపలినుంచి తన్నుకొస్తున్న అలవాటును ఆపలేక చీర కొంగు పిడికిట్లో నలుపుతోంది. ఆయన గొంతు సవరించుకొని చివరి మాట మళ్ళీ అన్నాడు. ఈసారి మగవాళ్ళు కూడా సగం మంది మానుకున్నారు. రేకుల కింద పావురాలు కదలకుండా కూర్చున్నాయి. ఆ చర్చిలో అంతటి నిశ్శబ్దం ఎవరూ వినలేదు.

"ఏమైందండీ?" అంది సునీల.

"ఏం లేదు మేడం, ఆడోళ్ళదేదో చిన్న ముచ్చట..." ప్రేమ్ రాజ్ నీళ్ళు నమిలాడు.

సునీల ఫారం చూసింది. "ఈ నాలుగోది, స్త్రీల ఇతర అవసరాలు అంటే ఏంటి?"

అయ్యగారు దగ్గారు. పెద్దమనుషులు పైకప్పు చూశారు. డోర్కాస్ లేచింది.

"పాయిఖానా మేడం. గా మాట పలకనీకి వీళ్ళకు నోరొస్తలేదు, అందుకే ఇతర అన్నరు. కమాను ముంగట నుంచి లక్షమంది పోతరని పది మార్కులేసిండ్రు. వాళ్ళు బస్సులల్ల ఎటో పోతరు. మేము ఎక్కడికి పోవాలె? ఇన్నేండ్లు లేకుండనే గడిచిందని ఒక్క మార్కు వేసిండ్రు. గడిచింది కుర్మయ్య చేన్ల. గా చేను ప్లాట్లు చేసి ముండ్లతీగ వెట్టిండ్రు. మా అత్త గా తీగల పడ్డది. పొద్దువాలితే నీళ్ళు తాగదు మేడం, పోవాల్సొస్తదని. డెబ్భై ఏండ్ల మనిషి దూపతోని పంటది. ఆమె కాలు కోసం గీడ ప్రార్థన చేస్తరు, మస్తు చేస్తరు. ఆమెకు కావల్సింది మాత్రం ఆఖరుకు వెడ్తరు."

సునీల ఫారంలోని ఒకటి అన్న అంకె మీద వేలు పెట్టి ప్రేమ్ రాజ్ వైపు చూసింది. "ఈ మార్కు ఎవరు వేశారు?" అంది. ప్రేమ్ రాజ్ కమాను బొమ్మను చుట్టసాగాడు. "ఇందులో సంఘం అంగీకారం ఉందని రాశారు. నాకు వినిపించలేదు. ఈ వరుసను నేను తీసుకెళ్ళలేను."

అప్పుడు ఆశేర్ అయ్యగారు ఒక పని చేశారు. అంతవరకు ఆయన్ను తిట్టుకున్నవాళ్ళు కూడా అది ఒప్పుకోవాలి. తీర్మానాల పుస్తకం తెప్పించుకొని "ఏకగ్రీవం" అన్న మాటను తన చేత్తోనే కొట్టేశారు. నాలుగోదాన్ని మొదట రాశారు. "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, మా సంఘ స్త్రీలకు అవసరమైన... ఆ యొక్క... సదుపాయములను దయచేయుము" అని ముగించారాయన.

ఎవరూ ఆమేన్ అనలేదు. మూసిన కళ్ళతోనే డోర్కాస్ నెమ్మదిగా అంది. "పేరు వెట్టి అడుగుండ్రి అయ్యగారూ. దేవునికి తెల్వదా ఏంది?"

అయ్యగారి ముఖం కందిపోయింది. గుక్క తిప్పుకున్నారు. "పాయిఖానాలను దయచేయుము తండ్రీ" అన్నారు, చర్చి చివరిదాకా వినబడేలా.

అప్పుడు లేచింది డోర్కాస్ ఆమేన్, గురువారం నుంచి ఆపుకున్నది. ఆమెతోపాటు నలభైముగ్గురూ అన్నారు. పావురాలు లేచి, మళ్ళీ వాలడానికి చాలాసేపు పట్టింది.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది కాని జరిగింది వేరు. కమాను నాలుగు నెలల్లో లేచింది. ప్లాట్ల కంపెనీవాళ్ళే మొత్తం పెట్టుకున్నారు, శిలువకు లైట్లు కూడా వెలిగాయి. ఆడవాళ్ళ ఎనిమిది గదులకు చందాలు పోగై, పని మొదలై, పూర్తయ్యేసరికి ఏడాదిన్నర పట్టింది. అప్పటిదాకా వాళ్ళు ఆ లైట్ల వెలుగులోనే కాలువ దగ్గరికి పోయారు. గుంతలు మాత్రం చెప్పినట్టే వాళ్ళే తవ్వారు. తెరిచిన రోజు ప్రేమ్ రాజ్ రాలేదు. శిలాఫలకం మీద తన పేరు వేయొద్దని ముందే కబురుపెట్టాడు. వేద్దామని ఎవరనుకున్నారు గనక!

ఆ సాయంత్రం డోర్కాస్ అన్నం పెడితే యేసుమణి కంచం జరపలేదు. పెట్టినదంతా తిన్నది. తిని, చేయి కడగకుండానే తలెత్తింది.

"జర నీళ్ళియ్యి బిడ్డా."

చెంబు నిండా ఇస్తే ఎత్తిన చెంబు దించకుండా తాగింది. "ఇంకిన్ని" అంది. డోర్కాస్ కుండ దగ్గర చెంబు ముంచుతూ అట్లాగే నిలబడిపోయింది. సంతోషం రావాలి కదా, రాలేదు. ఆ ఫారం, ఆ గళ్ళు, ఆ పదికి పదులు అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"ముసల్ది కడుపునిండ నీళ్ళు తాగనీకి గింత కొట్లాటనా?" అంది గోడతో. "ఎట్ల మనసొప్పింది వీళ్ళకు?"

"ఎవల్నే తిడుతున్నవు?" అని అడిగింది యేసుమణి.

డోర్కాస్ రెండో చెంబు తెచ్చి అత్త చేతికిచ్చింది.